వైర్‌లెస్ ఇయర్‌బడ్స్

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ అనగా తీగల అవసరం లేకుండా, బ్లూటూత్ అనే రేడియో పద్ధతి ద్వారా ఫోను, కంప్యూటరు, టీవీ వంటి పరికరాల నుండి ధ్వనిని గ్రహించి వినిపించే చిన్న శ్రవణ సాధనాలు. కుడి, ఎడమ చెవులకు పెట్టుకొనే రెండు భాగాల మధ్య కూడా తీగ లేనివాటిని ట్రూ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ అని వ్యవహరిస్తారు. ఒక్కొక్క బడ్ బరువు సాధారణంగా 4 నుండి 6 గ్రాములు ఉంటుంది. వాడకంలో లేనప్పుడు వీటిని ఉంచే చిన్న డబ్బాయే వీటికి విద్యుత్తును కూడా అందిస్తుంది. దీనిని చార్జింగ్ కేస్ అంటారు.

పాటలు వినడానికి, ఫోనులో మాట్లాడడానికి మాత్రమే కాక శబ్ద నిరోధం, పరిసర శ్రవణం, వినికిడి సహాయం, భాషానువాదం వంటి ఉన్నత సౌకర్యాలు కూడా నేటి ఇయర్‌బడ్స్‌లో లభిస్తున్నాయి. అయితే ఈ సౌకర్యాలు ఎట్లా పనిచేస్తాయో తెలియకపోవడం వలన చాలామంది వాటిని పూర్తిగా వినియోగించుకోలేకపోతున్నారు. మరికొందరు వాటిని తప్పుగా వాడి వినికిడికి హాని తెచ్చుకొంటున్నారు. చెవిలోపలి నాడీకణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. అందువలన ఈ పరికరాల గురించిన అవగాహన విద్యార్థులకు ముఖ్యంగా అవసరం.

పేరు

చెవి శుభ్రం చేసుకొనే దూదిపుల్లలను కూడా తెలుగునాట ఇయర్‌బడ్స్ అనే పిలుస్తారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. మెడ చుట్టూ పట్టీ ఉండి, ఆ పట్టీ నుండి రెండు చెవులకు చిన్న తీగలు ఉండే రకాన్ని నెక్‌బ్యాండ్ అంటారు. అది కూడా బ్లూటూత్ పరికరమే గాని ట్రూ వైర్‌లెస్ రకానికి చెందదు. వాడుకలో ఈ పరికరాలన్నింటినీ క్లుప్తంగా "బ్లూటూత్" అని పిలవడం కూడా ఉన్నది.

చరిత్ర

ఇయర్‌బడ్స్‌లోని శబ్ద నిరోధ సూత్రం బ్లూటూత్ కంటే చాలా పాతది. ఒక శబ్ద తరంగాన్ని దానికి వ్యతిరేక దశలో ఉన్న మరో తరంగంతో అణచివేయవచ్చునని చూపి జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లో అమెరికాలో పేటెంటు పొందాడు. బెంగాలీ తండ్రికి అమెరికాలో జన్మించిన ఇంజనీరు అమర్ బోస్ 1978లో విమాన ప్రయాణం చేస్తుండగా ఇంజను రొదలో సంగీతం సరిగా వినబడక, ఈ సూత్రాన్ని హెడ్‌ఫోన్లకు అన్వయించే ఆలోచన చేశాడు. ఆయన సంస్థ 1989లో విమాన చోదకుల కోసం అటువంటి హెడ్‌సెట్‌ను విడుదల చేసింది.

బ్లూటూత్ పరిశోధన 1994లో స్వీడన్‌కు చెందిన ఎరిక్‌సన్ సంస్థలో మొదలైనది. 1998లో పలు సంస్థలు కలిసి దీనికి ఒక ఉమ్మడి సంఘాన్ని ఏర్పరచుకొన్నాయి. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరే దీనికి పెట్టారు. రెండు బడ్స్ మధ్య తీగ లేని నమూనాలు 2014-15 ప్రాంతంలో వెలువడినాయి. జర్మనీకి చెందిన బ్రాగి, జపానుకు చెందిన ఓంక్యో సంస్థలు ఇందులో ముందున్నాయి. 2016 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన ఐఫోన్ 7 నుండి హెడ్‌ఫోన్ జాక్‌ను తొలగించి, అదే సమయంలో ఎయిర్‌పాడ్స్‌ను ప్రకటించింది. ఆ తరువాత ఇతర సంస్థలు కూడా ఇదే బాట పట్టడంతో తీగలేని బడ్స్ వాడకం ప్రపంచమంతటా వ్యాపించింది.

తెలుగు రాష్ట్రాలలో

ఇయర్‌బడ్స్ తయారీలో హైదరాబాదుకు చెప్పుకోదగిన స్థానం ఉన్నది. మిధుల దేవభక్తుని, విశ్వనాధ్ కందుల దంపతులు 2015లో హైదరాబాదు కేంద్రంగా స్థాపించిన మివి సంస్థ స్పీకర్లు, ఇయర్‌బడ్స్ వంటి ధ్వని పరికరాలను తయారు చేస్తున్నది. ఈ సంస్థ 2025లో తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో సంభాషించగల కృత్రిమ మేధ ఇయర్‌బడ్స్‌ను విడుదల చేసింది.

రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ఉత్పత్తి ఎగుమతి నిమిత్తం మొదలైనది.

పనిచేయు విధానం

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాలను వాడుతుంది. సంప్రదాయిక బ్లూటూత్ ఈ పరిధిని 79 చిన్న మార్గాలుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒక మార్గం నుండి మరొక మార్గానికి మారుతూ సమాచారాన్ని పంపుతుంది. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే ప్రాంతంలోని తరంగాలను వాడినప్పటికీ సంధానం తెగిపోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుంది.

మానవ శరీరంలోని నీరు ఈ తరంగాలను గ్రహించివేస్తుంది. కాబట్టి ఫోనును ప్యాంటు వెనుక జేబులో ఉంచినప్పుడు, జనసమ్మర్దంలో నిలబడినప్పుడు ధ్వని తెగి తెగి వినబడవచ్చును. ఫోనును చొక్కా జేబులోనికి మార్చగానే ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

ప్రతి బడ్‌లోను ధ్వనిని పుట్టించే డ్రైవరు, ఒకటి నుండి మూడు మైకులు, ఒక చిప్, లిథియం-అయాన్ బ్యాటరీ, స్పర్శను గుర్తించే ఏర్పాటు ఉంటాయి.

ఉన్నత సౌకర్యాలు

క్రియాశీల శబ్ద నిరోధం

దీనిని ఏ.ఎన్.సి. అంటారు. బడ్ వెలుపలి మైకు బయటి శబ్దాన్ని గ్రహిస్తుంది. చిప్ దానికి సరిగ్గా వ్యతిరేక దశలో ఉన్న తరంగాన్ని తయారు చేసి డ్రైవరు ద్వారా వదులుతుంది. ఒక తరంగపు శిఖరం మరొక తరంగపు లోయతో కలిసి రెండూ రద్దవుతాయి. భౌతికశాస్త్ర పాఠాలలో చెప్పే తరంగాల వ్యతికరణమే దీనికి మూలం. చెవి వైపున మరో మైకు ఉండి, మిగిలిన శబ్దాన్ని కూడా సరిచేసే రకాన్ని హైబ్రిడ్ రకం అంటారు.

ఈ పద్ధతి 1000 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యం కలిగి, ఎడతెగకుండా వచ్చే శబ్దాలపై బాగా పనిచేస్తుంది. బస్సు ఇంజను, పంకా, ఏసీ, రైలు రొద ఇటువంటివి. మనుషుల మాటలు, హారన్, కుక్క అరుపు వంటి హెచ్చు పౌనఃపున్యపు ఆకస్మిక శబ్దాలపై దీని ప్రభావం తక్కువ. వాటిని ఆపవలసినది చెవిరంధ్రాన్ని మూసి ఉంచే సిలికాన్ టిప్పు మాత్రమే.

కాబట్టి శబ్ద నిరోధం నుండి పూర్తి ఫలితం పొందడానికి మొదటి మెట్టు సరిపడే టిప్పును ఎంచుకోవడం. బడ్స్‌తో పాటు సాధారణంగా మూడు పరిమాణాల టిప్పులు ఇస్తారు. ఎక్కువమంది డబ్బా తెరచినప్పుడు బడ్స్‌కు తగిలించి ఉన్న మధ్య పరిమాణాన్నే వాడుతూ, శబ్ద నిరోధం పనిచేయడం లేదని భావిస్తారు. ఒకే వ్యక్తి కుడి, ఎడమ చెవులకు వేరువేరు పరిమాణాలు అవసరం కావచ్చును. టిప్పు సరిగా కుదరనప్పుడు మంద్ర ధ్వనులు కూడా పలుచగా వినిపిస్తాయి. కొన్ని సంస్థల యాప్‌లలో ఈ అమరికను పరీక్షించే సౌకర్యం ఉన్నది. అది లేనప్పుడు, బడ్ పెట్టుకొని దవడను ఆడించినా, తల ఊపినా జారకుండా ఉండి, మంద్ర ధ్వనులు నిండుగా వినబడితే అమరిక సరిగా ఉన్నట్లు భావించవచ్చును.

ఈ.ఎన్.సి. అనే మరో సౌకర్యాన్ని పెట్టెలపై పెద్ద అక్షరాలతో ముద్రిస్తుంటారు. ఇది ఏ.ఎన్.సి. కాదు. ఫోనులో మాట్లాడేటప్పుడు చుట్టుపక్కల శబ్దం అవతలి వ్యక్తికి వినబడకుండా చేయడమే దీని పని. బడ్స్ ధరించిన వ్యక్తికి బయటి శబ్దం దీనివలన తగ్గదు. తక్కువ ధరలో లభించే చాలా నమూనాలలో ఈ.ఎన్.సి. మాత్రమే ఉంటుంది. కొనుగోలుదారులు ఈ తేడాను తప్పక గమనించాలి. అట్లే పెట్టెపై పేర్కొనే డెసిబెల్ సంఖ్య ఏదో ఒక పౌనఃపున్యం వద్ద లభించిన గరిష్ఠ ఫలితం మాత్రమే కావచ్చును. అన్ని శబ్దాలూ అంత మేరకు తగ్గుతాయని దాని అర్థం కాదు.

పారదర్శక రీతి

ఇది శబ్ద నిరోధానికి వ్యతిరేకమైనది. బయటి శబ్దాలను మైకు ద్వారా గ్రహించి లోపలికి వినిపిస్తుంది. రోడ్డు దాటేటప్పుడు, బస్సులో కండక్టరుతో మాట్లాడేటప్పుడు, ఇంట్లో పెద్దలు పిలిస్తే వినబడవలసినప్పుడు దీనిని వాడాలి. సాధారణంగా బడ్‌ను కొద్దిసేపు నొక్కి ఉంచితే ఈ రెండు రీతుల మధ్య మారవచ్చును.

కోడెక్‌లు

బ్లూటూత్ ద్వారా పంపడానికి వీలుగా ధ్వనిని కుదించి, తిరిగి విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. ముఖ్యమైనవి ఇవి:

* ఎస్.బి.సి. - సంగీతాన్ని వినిపించే అన్ని బ్లూటూత్ పరికరాలలోను తప్పనిసరిగా ఉంటుంది. గరిష్ఠంగా సుమారు సెకనుకు 328 కిలోబిట్లు.
* ఏ.ఏ.సి. - ఆపిల్ ఫోన్లలో ప్రధానంగా వాడేది.
* ఎల్.డి.ఏ.సి. - సోనీ సంస్థ 2015లో ప్రవేశపెట్టినది. సెకనుకు 330, 660, 990 కిలోబిట్ల స్థాయిలు ఉన్నాయి.
* ఎల్.సి.3 - 2020లో ప్రకటించిన ఎల్.ఇ. ఆడియో పద్ధతిలో భాగం. తక్కువ బిట్లతోనే మంచి నాణ్యతను ఇస్తుంది.

ఒక కోడెక్ పనిచేయాలంటే అది ఫోనులోను, బడ్స్‌లోను కూడా ఉండాలి. రెండింటిలో ఒకదానిలో లేకపోతే పరికరాలు వాటంతట అవే ఎస్.బి.సి. వంటి ఉమ్మడి కోడెక్‌కు మారతాయి. అందువలన ఎల్.డి.ఏ.సి. లేని ఫోను ఉన్నవారు ఆ సౌకర్యం కోసం అదనపు ధర చెల్లించడం వలన ప్రయోజనం లేదు. పాఠాలు, వార్తలు వినడానికి ఎస్.బి.సి. చాలును.

రెండు పరికరాలతో సంధానం

దీనిని మల్టీపాయింట్ అంటారు. బడ్స్ ఒకేసారి ఫోనుతోను, ల్యాప్‌టాప్‌తోను కలిసి ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో పాఠం వింటుండగా ఫోను వస్తే పాఠం ఆగి, ఫోను వినబడుతుంది. చాలా నమూనాలలో దీనిని యాప్‌లోనికి వెళ్ళి ప్రారంభించవలసి ఉంటుంది.

గేమ్ రీతి

ధ్వనిని కుదించి, పంపి, విప్పడానికి కొంత సమయం పడుతుంది. సాధారణ బ్లూటూత్‌లో ఈ ఆలస్యం 150 నుండి 250 మిల్లీసెకండ్ల వరకు ఉండవచ్చును. దృశ్యం కంటే ధ్వని 125 మిల్లీసెకండ్లకు మించి ఆలస్యమైతే వీక్షకులు ఆ తేడాను గుర్తించగలరని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు పేర్కొంటున్నది. వీడియో యాప్‌లు చాలావరకు ఈ ఆలస్యానికి తగినట్లు దృశ్యాన్ని సరిచేస్తాయి. ఆటలలో అది సాధ్యం కాదు కనుక ఆలస్యాన్ని తగ్గించే గేమ్ రీతి అవసరమవుతుంది. ఈ రీతిలో ధ్వని నాణ్యత కొంత తగ్గవచ్చును. సంగీతం వినేటప్పుడు దీనిని నిలిపివేయడం మేలు.

మైకు, ధ్వని నాణ్యత

ఆన్‌లైన్ తరగతిలో చేరగానే ఉపాధ్యాయుని గొంతు పాత టెలిఫోనులో వలె మారిపోవడం చాలామంది గమనించే విషయం. ఇది బడ్స్ లోపం కాదు. సంప్రదాయిక బ్లూటూత్‌లో సంగీతానికి ఒక మార్గం, సంభాషణకు మరొక మార్గం ఉన్నాయి. బడ్స్‌లోని మైకు పనిచేయడం మొదలు కాగానే పరికరం సంభాషణ మార్గానికి మారి, నాణ్యత తగ్గుతుంది. ల్యాప్‌టాప్ సెట్టింగులలో వినడానికి బడ్స్‌ను, మాట్లాడడానికి ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకొంటే ధ్వని తిరిగి స్పష్టంగా వస్తుంది.

వినికిడి సహాయం

వయస్సుతో పాటు వినికిడి తగ్గడం సహజం. మొదట హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలు వినబడవు. మాట వినబడుతుంది గాని అర్థం కాదు అని పెద్దలు చెప్పడానికి కారణం ఇదే. స, శ, త వంటి హల్లులు హెచ్చు పౌనఃపున్యం గలవి కావడం వలన అవి ముందుగా మరుగున పడతాయి.

అమెరికాలో 2022 అక్టోబరు నుండి స్వల్ప, మధ్యస్థ వినికిడి లోపం ఉన్న వయోజనులకు వైద్యుని చీటీ లేకుండా శ్రవణ యంత్రాలు అమ్మడానికి అనుమతి ఉన్నది. 2024 సెప్టెంబరులో ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 కోసం రూపొందించిన శ్రవణ సహాయ సాఫ్ట్‌వేరుకు అనుమతి ఇచ్చింది. వైద్యుని చీటీ అవసరం లేని శ్రవణ సహాయ సాఫ్ట్‌వేరుకు లభించిన తొలి అనుమతి ఇది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సౌండ్ యాంప్లిఫయర్ అనే ఉచిత యాప్ ఎదుటివారి మాటను పెద్దది చేసి ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది.

ఈ సౌకర్యాలు తీవ్రమైన లోపానికి గాని, పిల్లలకు గాని ఉద్దేశించినవి కావు. అకస్మాత్తుగా వినికిడి తగ్గినా, ఒక చెవిలోనే తగ్గినా, చెవిపోటు, చీము, తలతిరుగుడు ఉన్నా ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి.

తెలుగు భాష, అనువాదం

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011 నుండి ఉన్నది. గూగుల్ వారి సంభాషణ సహాయకమైన జెమిని లైవ్‌లో 2024 అక్టోబరులో తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలు చేరాయి. వీటిని ఏ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తోనైనా వాడవచ్చును. అనువాదం చేసేది ప్రధానంగా ఫోను, ఇంటర్నెట్ సర్వరు గాని బడ్స్ కావు. కాబట్టి సిగ్నల్ సరిగా లేని చోట ఈ సౌకర్యం మందగిస్తుంది. 2025లో ఆపిల్ సంస్థ ఎయిర్‌పాడ్స్‌లో ప్రవేశపెట్టిన ప్రత్యక్ష అనువాద సౌకర్యంలో తొలి భాషల జాబితాలో తెలుగు లేదు.

మాండలికపు పలుకుబడులను, జాతీయాలను యంత్రం తరచుగా తప్పుగా గ్రహిస్తుంది. చిన్న వాక్యాలలో, ఒక్కొక్కటిగా, స్పష్టంగా మాట్లాడితే ఫలితం మెరుగుగా ఉంటుంది. వైద్యం, కోర్టు, బ్యాంకు వ్యవహారాలలో యంత్రానువాదంపై మాత్రమే ఆధారపడరాదు.

ఆరకాస్ట్

ఎల్.ఇ. ఆడియోలో భాగమైన ఈ పద్ధతికి 2022లో ఈ పేరు పెట్టారు. ఒకే ప్రసారాన్ని ఎంతమందైనా తమ బడ్స్‌లో వినవచ్చును. సభామందిరాలు, రైల్వేస్టేషన్లు, ప్రార్థనాస్థలాలలో వినికిడి తక్కువగా ఉన్నవారికి ఇది ఉపకరిస్తుంది.

వినికిడి ఆరోగ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం సురక్షితం కాని శ్రవణ అలవాట్ల వలన వంద కోట్లకు పైగా యువత శాశ్వతమైన, నివారించదగిన వినికిడి లోపం ముప్పులో ఉన్నారు. ఆ సంస్థ సూచన ప్రకారం వయోజనులు వారానికి 80 డెసిబెల్ వద్ద 40 గంటల వరకు వినవచ్చును. శబ్దశక్తి ప్రతి 3 డెసిబెల్‌కు రెట్టింపవుతుంది గనుక సురక్షిత సమయం సగమవుతుంది.

* 80 డెసిబెల్ - వారానికి 40 గంటలు
* 83 డెసిబెల్ - వారానికి 20 గంటలు
* 86 డెసిబెల్ - వారానికి 10 గంటలు
* 90 డెసిబెల్ - వారానికి 4 గంటలు
* 100 డెసిబెల్ - వారానికి సుమారు 20 నిమిషాలు

పిల్లలకు 80కి బదులు 75 డెసిబెల్‌ను హద్దుగా తీసుకోవాలి.

ఈ లెక్కను నిత్యజీవితానికి అన్వయించుకోవచ్చును. ఉదాహరణకు పల్నాడు జిల్లా నూజెండ్ల నుండి వినుకొండకు గాని, నరసరావుపేటకు గాని రోజూ బస్సులో చదువుకు వెళ్ళివచ్చే విద్యార్థి ప్రయాణంలో పాఠాలు వింటాడనుకొందాం. శబ్ద నిరోధం లేని బడ్స్‌తో ఇంజను రొదను మించి వినబడాలంటే ధ్వనిని బాగా పెంచవలసి వస్తుంది. అది 90 డెసిబెల్‌కు చేరి, రోజుకు గంట ప్రయాణమైతే నాలుగు రోజులలోనే వారపు పరిమితి పూర్తవుతుంది. శబ్ద నిరోధంతో రొద తగ్గించి, ధ్వనిని 80 డెసిబెల్ దగ్గర ఉంచగలిగితే వారమంతా కలిపినా పరిమితిలో ఐదవ వంతు కూడా పూర్తికాదు. శబ్ద నిరోధం యొక్క అసలైన ప్రయోజనం ఇదే. అది ఉన్నప్పటికీ ధ్వనిని మునుపటి వలె పెంచి వింటే ప్రయోజనం లేదు.

ఫోనులో ధ్వనిని 60 శాతానికి మించి పెంచకపోవడం, గంటకొకసారి చెవులకు విశ్రాంతి ఇవ్వడం మంచి అలవాట్లు. బడ్స్ తీసిన తరువాత చెవులలో గింగురుమనే శబ్దం వినబడితే పరిమితి దాటినట్లు గ్రహించాలి. ఫోన్లలో ధ్వని స్థాయిని నమోదు చేసే, గరిష్ఠ స్థాయికి హద్దు పెట్టే ఏర్పాట్లను తల్లిదండ్రులు పిల్లల కోసం ఉపయోగించవచ్చును. చెవిలో గాలి ఆడక తేమ చేరితే సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక ఒకరి బడ్స్ మరొకరు వాడరాదు.

రహదారి భద్రత, నిబంధనలు

వాహనం నడిపేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు, పొలంలో యంత్రాల దగ్గర పనిచేసేటప్పుడు బడ్స్ పెట్టుకోవడం ప్రాణాపాయం. శబ్ద నిరోధం వెనుక నుండి వచ్చే వాహనపు ఇంజను ధ్వనిని కూడా అణచివేస్తుందని గుర్తుంచుకోవాలి. ఇయర్‌ఫోన్లతో వాహనం నడిపితే 20,000 రూపాయల జరిమానా విధిస్తారని 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా ప్రచారం జరిగింది. రాష్ట్ర రవాణాశాఖ ఆ వార్తను ఖండించింది. జరిమానా మొత్తం గురించిన ఆ వార్త నిజం కానంత మాత్రాన అట్లా నడపడం సురక్షితమని కాదు.

నీట్ వంటి ప్రవేశ పరీక్షలకు, ఉద్యోగ నియామక పరీక్షలకు బ్లూటూత్ పరికరాలను తీసుకువెళ్ళడం నిషిద్ధం.

కొనుగోలు, నిర్వహణ

భారతదేశంలో వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు భారత ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. పెట్టెపై ఆ సంస్థ గుర్తు, "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చును.

ఐ.పి.ఎక్స్.4 అని ఉంటే చెమటకు, నీటి తుంపరలకు తట్టుకొంటాయని అర్థం. నీటిలో మునిగితే తట్టుకొంటాయని కాదు. ఈ గుర్తింపు చాలాసార్లు బడ్స్‌కు మాత్రమే గాని కేస్‌కు వర్తించదు. తడి బడ్స్‌ను తుడవకుండా కేస్‌లో పెట్టరాదు. ఐ.పి. తరువాత ఎక్స్‌కు బదులుగా 5 అంకె ఉంటే దుమ్ము నుండి కూడా రక్షణ ఉన్నదని అర్థం. పొలం పనులలో, దుమ్ములో వాడేవారికి ఇది ముఖ్యం.

లిథియం బ్యాటరీకి వేడిమి ప్రధాన శత్రువు. రెంటచింతల వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ సమయంలో ఎండలో నిలిపిన వాహనంలో కేస్‌ను ఉంచడం, వేడిగా ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టడం వలన బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బడ్‌లోని బ్యాటరీని మార్చడం సాధారణంగా సాధ్యం కాదు కనుక ఈ జాగ్రత్త అవసరం.

ఒక బడ్ మాత్రమే పనిచేస్తున్నా, ఒకవైపు ధ్వని తగ్గినా ముందుగా జాలీపై చేరిన గులిమిని పొడిగా ఉన్న మెత్తని బ్రష్‌తో తొలగించి, కేస్‌లోని లోహపు బిందువులను పొడి గుడ్డతో తుడవాలి. అప్పటికీ సరికాకపోతే ఫోనులో పాత సంధానాన్ని తొలగించి, బడ్స్‌ను రీసెట్ చేసి తిరిగి కలపాలి. సంస్థ యాప్ ద్వారా సాఫ్ట్‌వేరును నవీకరిస్తే కొన్ని సమస్యలు తొలగుతాయి.

పనికిరాని బడ్స్‌ను చెత్తబుట్టలో వేయరాదు, కాల్చరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పనికిరాని ఎలక్ట్రానిక్ పరికరాల పునర్వినియోగ బాధ్యత తయారీదారులపై ఉన్నది. కనుక వీటిని సేకరణ కేంద్రాలకు అప్పగించాలి.

ఇవి కూడా చూడండి

* బ్లూటూత్
* డెసిబెల్
* తరంగ వ్యతికరణం
* చెవి
* శ్రవణ యంత్రం
* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు